చిన్న విమానానికి పెద్ద కాపలా ఎందుకు?

ఏటా జనవరి రాగానే ఢిల్లీ పోలీసు కమిషనర్ ఒక ఉత్తర్వు జారీ చేస్తారు. గణతంత్ర వేడుకలు ముగిసేదాకా రాజధాని మీద పారాగ్లైడర్లు, పారామోటర్లు, హ్యాంగ్ గ్లైడర్లు, మైక్రోలైట్లు, డ్రోన్లు, చిన్నపాటి ఇంజిన్ విమానాలు, వేడిగాలి బెలూన్లు ఎగరకూడదని, విమానంలోంచి పారాచూట్‌తో దూకడం కూడా నిషేధమని దాని సారాంశం. ఒకప్పుడు సీఆర్‌పీసీ 144వ సెక్షన్ కింద వచ్చిన ఈ ఉత్తర్వు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద వస్తోంది. పంద్రాగస్టుకు ముందూ ఇదే తంతు. పత్రికల్లో నాలుగు వాక్యాల వార్తగా వచ్చి పోతుంది.

సైనిక్‌పురిలో నాతో పాటు ఉదయం నడకకు వచ్చే ఒక బ్యాంకు విశ్రాంత మేనేజరు ఈ వార్త చూపించి నవ్వారు. "ఏమండీ కర్నల్ గారూ, అణ్వస్త్రాలున్న దేశం బెలూన్‌కు కూడా భయపడాలా?" అన్నారు. ప్రశ్న సబబైనదే. రఫేల్, ఎస్-400 ఉన్న దేశానికి నాలుగు సీట్ల విమానం ఒక లెక్కా? నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం విమాన విధ్వంసక ఫిరంగుల పక్కనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: వేగంగా వచ్చే యుద్ధ విమానం కంటే దారి తప్పి వచ్చే చిన్న విమానమే ఫిరంగి దగ్గరున్న వాడిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు మన పొరుగు రాజధాని కొలంబోకు వెళ్లాలి.

కొలంబో చీకటి రాత్రులు

ప్రపంచంలో సొంత వైమానిక దళం నడిపిన ఉగ్రవాద సంస్థ ఎల్‌టీటీఈ. దాని దగ్గర ఉన్నవి యుద్ధ విమానాలు కావు. చెక్ దేశంలో తయారైన జ్లిన్-143 రకం, ఒకే ఇంజిన్ ఉన్న నాలుగు సీట్ల విమానాలు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో శిక్షణకు వాడే తరహావి. వాటిని విడిభాగాలుగా దొంగచాటుగా తెచ్చుకుని వన్నీ అడవుల్లో బిగించుకున్నారని చెబుతారు. కింద బాంబులు తగిలించే ఏర్పాటు వాళ్లే చేసుకున్నారు.

2007 మార్చి 26 తెల్లవారుజామున ఈ విమానాలు కటునాయకే వైమానిక స్థావరం మీద బాంబులు వేశాయి. అప్పట్లో దేశపు ఏకైక అంతర్జాతీయ విమానాశ్రయం దాని పక్కనే ఉంది. ముగ్గురు వాయుసైనికులు మరణించారు. దాడి చేసినవి క్షేమంగా తిరిగి వెళ్లిపోయాయి. మరో నెలకు, ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌లో శ్రీలంక ఆస్ట్రేలియాతో ఆడుతున్న రాత్రి అవి మళ్లీ వచ్చాయి. టీవీల ముందు కూర్చున్న కొలంబో వాసులకు ఒక్కసారిగా కరెంటు పోయింది. ఆకాశంలోకి ఫిరంగులు మోగాయి. 2008 సెప్టెంబరులో వవునియా స్థావరం మీద జరిగిన దాడిలో అక్కడి రాడార్ పని చూస్తున్న ఇద్దరు భారతీయ సాంకేతిక నిపుణులు గాయపడ్డారు.

చివరి దాడి 2009 ఫిబ్రవరి 20 రాత్రి జరిగింది. అప్పటికి పులులు ముల్లైత్తీవు తీరాన చిన్న ముక్క నేలకు పరిమితమయ్యారు. అయినా రెండు జ్లిన్‌లు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎగిరి రాజధానికి చేరాయి. ఒకటి కటునాయకే దగ్గర కూలింది. రెండోది కొలంబో నడిబొడ్డున ఆదాయపన్ను శాఖ భవనాన్ని ఢీకొంది. ప్రాణనష్టం తక్కువే అయినా యాభై మంది దాకా గాయపడ్డారు.

శ్రీలంక వద్ద అప్పటికి జెట్ యుద్ధ విమానాలున్నాయి. మనం ఇచ్చిన ఇంద్ర రాడార్లున్నాయి. రెండేళ్ల అనుభవం ఉంది. అయినా ఒక చిన్న విమానం రాజధాని దాకా రాగలిగింది. మా మేనేజరు గారి ప్రశ్నకు మొదటి జవాబు ఇదే.

గురి కంటే గుర్తింపు కష్టం

చిన్న విమానాన్ని కొట్టడం కష్టమైన పని కాదు. సెస్నా-172 వంటిది గంటకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. మా కాలపు ఎల్-70 ఫిరంగి నిమిషానికి దాదాపు 300 గుండ్లు పేలుస్తుంది. గోపాల్‌పూర్ తీరంలో విమానం వెనుక తాడుతో లాగే లక్ష్యాన్ని కొట్టడం నేర్చుకున్న ఏ జవానుకైనా అంత నెమ్మదైన వస్తువు సులువైన గురే. ఆ పాత ఫిరంగులే 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో డ్రోన్లను కూల్చి తమ సత్తా మళ్లీ చూపాయి.

ముందుగా దాన్ని చూడటమే కష్టం. రాడార్ కిరణం నేల వంపును అనుసరించి వంగదు. నేల నుంచి ముప్పై మీటర్ల ఎత్తున వచ్చే విమానం పది మీటర్ల ఎత్తున్న రాడార్‌కు, అడ్డుగా కొండా కట్టడమూ లేకపోయినా, 35 కిలోమీటర్ల దూరంలో గానీ కనబడదు. నగరంలో భవనాలు, టవర్లు, చెట్లు ఆ దూరాన్ని ఇంకా తగ్గిస్తాయి. పైగా పక్షుల గుంపులను, మేఘాలను, రోడ్ల మీది వాహనాలను తెర మీద చూపించకుండా ఉండటానికి రాడార్లు నెమ్మదిగా కదిలే చిన్న వస్తువులను వడపోస్తాయి. ఆ వడపోతలో పారాగ్లైడర్, జైరోకాప్టర్ వంటివి కూడా పోతాయి. 2015 ఏప్రిల్ 15న ఒక తపాలా ఉద్యోగి జైరోకాప్టర్ నడుపుకుంటూ వచ్చి అమెరికా పార్లమెంటు భవనం పచ్చిక మీద దిగాడు. ఎన్నికల నిధుల సంస్కరణ కోరుతూ ఎంపీలకు ఉత్తరాలు తెచ్చాడు, అంతే. రాడార్ తెర మీద అది పక్షికీ వాతావరణ మార్పుకీ తేడా తెలియనంత చిన్నదిగా ఉందని అక్కడి గగనతల రక్షణాధికారులు ఒప్పుకున్నారు. అదే పరికరం మరొకడి చేతిలో ఉంటే ఏమవుతుందో 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ సరిహద్దులో పారాగ్లైడర్లపై దిగిన హమాస్ ముఠా చూపించింది.

రెండో కష్టం ఇంకా పెద్దది. కనబడ్డాక అందులో ఉన్నది ఎవరు? దారి తప్పిన విద్యార్థా, గుండెపోటు వచ్చి స్పృహ తప్పిన పైలటా, రేడియో చెడిపోయిన వ్యాపారా, ప్రాణాలకు తెగించి వచ్చిన వాడా? రెక్కల తీరు చూసి ఇది చెప్పలేం.

నాకు ఇది పుస్తకంలో నేర్చుకున్న పాఠం కాదు. 1980ల చివర్లో నేను కుర్ర కెప్టెన్‌ను. పశ్చిమ సరిహద్దుకు దగ్గర్లోని ఒక విమానాశ్రయం చుట్టూ మా ఫిరంగులు మోహరించి ఉన్నాయి. ఉద్రిక్తత ఉన్న రోజులు. చలికాలం, పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. పరిశీలకుడు అరిచాడు: తక్కువ ఎత్తులో ఒక చిన్న విమానం, తూర్పు నుంచి. కంట్రోల్ గదికి ఫోన్ చేస్తే ఆ సమయానికి ఆ దారిలో ఏ విమానమూ రాకూడదన్నారు. అప్పుడు మాకున్న ఆదేశం 'వెపన్స్ టైట్'. అంటే శత్రువని తేలితేనే కాల్చాలి. తేలేది ఎలా? నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి మా నెత్తి మీదికి రావడానికి దానికి నిమిషం పట్టదు.

ఫిరంగి మీద హవల్దారు గురి వదలకుండా దాన్ని వెంబడిస్తూనే ఉన్నాడు. చెయ్యి మీట మీదే ఉంది. నా ముఖం చూడకుండానే, "సాబ్, చక్రాలు బయటకే ఉన్నాయి, రెక్కల కింద ఏమీ లేదు" అన్నాడు. నేను 'ఆగు' అన్నాను. అది మా మీదుగా వెళ్లి రన్‌వే మీద గెంతుతూ దిగింది. నడిపినవాడు ఇరవై ఏళ్లు కూడా నిండని ఫ్లయింగ్ క్లబ్ విద్యార్థి. మంచులో రైలు పట్టాలను చూసుకుంటూ వచ్చి వేరే పట్టాలను పట్టుకున్నాడు. అతను బయలుదేరిన సమాచారం మధ్యలో ఏదో బల్ల మీద ఆగిపోయింది. విమానం దిగి, మా ఫిరంగులను చూసి, తనకు స్వాగతం చెప్పడానికి వచ్చారనుకున్నాడట. ఆ రోజు భోజనం దగ్గర హవల్దారు ఒక్క ముద్ద కూడా తినలేదు.

తొందరపడిన చోట

అన్ని చోట్లా అలా 'ఆగు' అన్నవాడు లేడు. 1965 సెప్టెంబరు 19న గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతా భార్యతో, సిబ్బందితో, ఒక విలేకరితో కలిసి చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానంలో కచ్ వైపు వెళుతున్నారు. పాకిస్తాన్ సేబర్ జెట్ దాన్ని అడ్డగించింది. చిన్న విమానం రెక్కలు ఊపి తాను పౌర విమానాన్నని సంకేతం ఇచ్చింది. నేల మీది కంట్రోలర్ కాల్చమన్నాడు. ఎనిమిది మందీ మరణించారు. మన పంచాయతీరాజ్ వ్యవస్థకు రూపు దిద్దిన నాయకుడు అలా పోయారు. 46 ఏళ్ల తర్వాత, 2011లో, ఆ పాకిస్తాన్ పైలట్ మన విమానం నడిపిన పైలట్ కుమార్తెకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు. ఆమె పెద్ద మనసుతో బదులిచ్చారు.

2001 ఏప్రిల్ 20న పెరూ వైమానిక దళం అమెజాన్ మీద ఒక సెస్నాను మాదకద్రవ్యాల రవాణా విమానమని కూల్చింది. అందులో ఉన్నది మత ప్రచారకుల కుటుంబం. ఒక తల్లి, ఆమె ఒడిలోని పసిపాప చనిపోయారు.

ఇలాంటివి జరగకూడదనే అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలో ఒక అధికరణం చేర్చారు. 1983లో సోవియట్ యూనియన్ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చిన తర్వాత, 1984లో ఆమోదించిన ఆ '3 బిస్' అధికరణం ప్రకారం ఎగురుతున్న పౌర విమానంపై ఆయుధ ప్రయోగానికి దేశాలు దూరంగా ఉండాలి. ఆ కొరియా విమానం నీడ నాలుగేళ్ల తర్వాత మాస్కో మీద కూడా పడింది. 1987 మే 28న పశ్చిమ జర్మనీకి చెందిన 18 ఏళ్ల మథియాస్ రస్ట్ అద్దె సెస్నాలో హెల్సింకీ నుంచి బయలుదేరి రెడ్ స్క్వేర్ పక్కన దిగాడు. సోవియట్ రాడార్లు చూశాయి. యుద్ధ విమానం దగ్గరికి వెళ్లి చూసి వచ్చింది. మళ్లీ పౌర విమానాన్ని కూల్చామన్న అపవాదు రాకూడదని పైవాళ్లు తటపటాయించారు, కిందివాళ్లు మన విమానమేలే అనుకున్నారు. రక్షణ మంత్రి, గగనతల రక్షణ అధిపతి పదవులు పోగొట్టుకున్నారు. కాల్చినా తప్పే, కాల్చకపోయినా తప్పేనన్న ఇరకాటం ఇదే.

మన దేశం 2005లో హైజాకింగ్ నిరోధక విధానంలో, హైజాకైన విమానం కీలక లక్ష్యాలపైకి క్షిపణిలా దూసుకొస్తుంటే కూల్చవచ్చని నిర్ణయించింది. జర్మనీ కూడా అదే ఏడాది అలాంటి చట్టం తెచ్చింది. దానికి ప్రేరణ కూడా చిన్న విమానమే. 2003 జనవరిలో ఒకడు మోటారు గ్లైడర్‌ను దొంగిలించి, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకును ఢీకొడతానంటూ ఫ్రాంక్‌ఫర్ట్ మీద చక్కర్లు కొట్టాడు. అయితే 2006లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టంలోని కూల్చే అధికారాన్ని కొట్టేసింది. ఇతరులను కాపాడటానికి అమాయక ప్రయాణికులను చంపే హక్కు ప్రభుత్వానికి లేదంది. ఏ దేశం ఏ నిర్ణయానికి వచ్చినా ఒక సంగతి మారదు. నగరం మీద కూల్చిన విమానం ఎక్కడో ఒక ఇంటి మీద పడుతుంది. గురి తప్పిన గుండ్ల ముక్కలు కూడా జనం మీదే పడతాయి. అందుకే ఆ నిర్ణయం దాకా రాకుండా చూడటమే గగనతల రక్షణలో అసలు పని. చిన్న విమానాల మీద ఆంక్షలు అందుకు పుట్టినవే.

వాషింగ్టన్ గీసిన వలయాలు

ఈ ఆంక్షలను అత్యంత విపులంగా రాసుకున్న నగరం వాషింగ్టన్. 1994 సెప్టెంబరులో ఒకడు దొంగిలించిన సెస్నాతో వైట్‌హౌస్ పచ్చిక మీద కూలి చనిపోయాడు. 2001 సెప్టెంబరు 11 తర్వాత పరిస్థితి పూర్తిగా మారింది. 2003లో తాత్కాలికంగా మొదలై 2009 ఫిబ్రవరిలో శాశ్వతమైన అక్కడి ఏర్పాటు స్థూలంగా ఇది: నగరం చుట్టూ 30 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 55 కిలోమీటర్ల వ్యాసార్ధంతో బయటి వలయం. అందులోకి రావాలంటే ముందుగా ప్రయాణ వివరాలు ఇవ్వాలి, కంట్రోలర్‌తో రేడియోలో మాట్లాడుతూ ఉండాలి, తనకు కేటాయించిన ప్రత్యేక సంఖ్యను ట్రాన్స్‌పాండర్ ద్వారా పంపుతుండాలి. దాని లోపల సుమారు 15 నాటికల్ మైళ్ల వలయంలో ప్రైవేటు విమానాలకు దాదాపు నిషేధమే.

ఈ అంకెల వెనుక ఉన్నది కాలం లెక్క. సెస్నాకు 55 కిలోమీటర్లు దాటడానికి పావుగంట పడుతుంది. 28 కిలోమీటర్లకు ఏడున్నర నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలోనే విమానాన్ని గమనించాలి, రేడియోలో పిలవాలి, యుద్ధ విమానాన్నో హెలికాప్టర్‌నో పంపాలి, అది దగ్గరికి వెళ్లి చూడాలి, సంకేతాలివ్వాలి, జవాబు కోసం ఆగాలి, పై నుంచి ఆదేశం తీసుకోవాలి. వలయం ఏ విమానాన్నీ గోడలా ఆపలేదు. ఇవన్నీ చేయడానికి కావలసిన నిమిషాలను మాత్రం సంపాదించి పెడుతుంది. నియమం పాటించే వందమందిని పక్కకు తీసి, మిగిలిన ఆ ఒక్కడి మీద దృష్టి పెట్టనిస్తుంది.

అది ఎలా పనిచేస్తుందో 2005 మే 11న తేలింది. పెన్సిల్వేనియా నుంచి నార్త్ కరోలినాలో వైమానిక ప్రదర్శనకు బయలుదేరిన ఇద్దరు పాత సెస్నా-150లో దారి తప్పి వైట్‌హౌస్‌కు ఐదు కిలోమీటర్ల దూరం దాకా వచ్చేశారు. వైట్‌హౌస్‌ను, పార్లమెంటును ఖాళీ చేయించారు. ఎఫ్-16లు మంటల ఫ్లేర్లు జారవిడిచాయి. చివరికి వారిని పక్కకు తప్పించి దింపారు. అంతకు మించి ఏమీ జరగలేదు. కానీ ఆ ప్రభుత్వం అక్కడితో ఊరుకోలేదు. హెచ్చరికగా ఎరుపు, ఆకుపచ్చ లేజర్ కాంతులు చూపే ఏర్పాటు చేసింది. జెట్ విమానం అంత నెమ్మదిగా ఎగరలేదు కాబట్టి 2006 నుంచి అడ్డగించే పనికి కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లను పెట్టింది. అన్నిటికంటే ముఖ్యంగా, రాజధానికి 60 నాటికల్ మైళ్ల లోపు కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే ప్రతి పైలటూ ఒక చిన్న శిక్షణ పాఠం పూర్తి చేయాలన్న నియమం తెచ్చింది.

వైట్‌హౌస్‌కు సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని కాలేజ్ పార్క్ విమానాశ్రయం 1909 నుంచి నడుస్తోంది. రైట్ సోదరుల్లో ఒకరైన విల్బర్ అమెరికా సైన్యాధికారులకు విమానం నడపడం నేర్పింది అక్కడే. లోపలి వలయంలోనే ఉన్నా దాన్ని మూయలేదు. అక్కడ దిగాలనుకునే పైలట్ వేలిముద్రలిచ్చి, నేపథ్య పరిశీలన పూర్తయ్యాక ఒక రహస్య సంఖ్య పొందాలి. రాకపోకలు బాగా తగ్గాయి, పైలట్లు విసుక్కున్నారు, కానీ రన్‌వే బతికింది.

సఫ్దర్‌జంగ్ మౌనం

మన రాజధానిలో ఆ అదృష్టం సఫ్దర్‌జంగ్‌కు దక్కలేదు. బ్రిటిష్ కాలంలో విల్లింగ్‌డన్ ఎయిర్‌ఫీల్డ్‌గా మొదలైన ఈ విమానాశ్రయం ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌కు నిలయం. 1980 జూన్ 23న సంజయ్ గాంధీ విన్యాసాల విమానం పిట్స్ ఎస్-2ఏలో ఇక్కడి నుంచే ఎగిరి, కొద్ది నిమిషాలకే విల్లింగ్‌డన్ క్రెసెంట్ సమీపంలో కూలి, తోటి పైలట్ కెప్టెన్ సక్సేనాతో పాటు మరణించారు. దేశంలో అత్యంత కీలకమైన కట్టడాల పక్కనే సరదాగా విన్యాసాలు చేయగలిగిన కాలం అది.

అమెరికాపై దాడుల తర్వాత భద్రతా కారణాలతో సఫ్దర్‌జంగ్‌లో విమానాల రాకపోకలు ఆపేశారు. ఇప్పుడు అక్కడ దిగేవి ప్రముఖుల హెలికాప్టర్లే. నా ఉద్దేశంలో ఆ మూసివేత తప్పు కాదు. ఆ రన్‌వే ప్రధాని నివాసానికి దాదాపు ఆనుకునే ఉంటుంది. రాష్ట్రపతి భవన్ నాలుగైదు కిలోమీటర్లలోపే. గాలిలోకి లేచిన విమానం దారి మార్చుకుంటే నిమిషంన్నరలో అక్కడుంటుంది. అంత దగ్గర్లో వలయం గీయడానికి చోటే లేదు. కాకపోతే మూసేశాక చేయాల్సిన రెండో పని, చిన్న విమానాలు రాజధాని పరిసరాల్లో ఏ దారిలో, ఏ ఎత్తులో, ఏ షరతులతో తిరగవచ్చో అందరికీ అర్థమయ్యేలా చెప్పడం. అందులో మనం వెనకబడ్డాం.

మన దగ్గర నియమాలు లేవని కాదు. రాష్ట్రపతి భవన్ పరిసరాలు వైమానిక పటాల్లో నిషిద్ధ ప్రాంతం. గగనతల గుర్తింపు మండలాల్లో ఎగిరే విమానాలు బయలుదేరే ముందు ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ సంఖ్య తీసుకోవాలి. గణతంత్ర వేడుకల కోసం ఢిల్లీ గగనతలాన్నే మూస్తారు. 2024లో జనవరి 19 నుంచి 26 వరకు రోజూ ఉదయం 10.20 నుంచి మధ్యాహ్నం 12.45 దాకా రాకపోకలు ఆపారు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను పౌర విమానాలకు మూశారు. మూయడం మనకు బాగా వచ్చు. తెరిచి ఉన్న రోజుల్లో ఎవరు ఎవరో తెలుసుకోవడంలోనే లోపం.

అనుమతి ఒక్కటే చాలదనడానికి పురూలియా ఉదాహరణ. 1995 డిసెంబరు 17 రాత్రి ఆంటనోవ్-26 రకం ప్రైవేటు విమానం పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద వందల కొద్దీ తుపాకులు, తూటాలు జారవిడిచింది. అది దొంగచాటుగా వచ్చింది కాదు. కరాచీ నుంచి వచ్చి, వారణాసిలో దర్జాగా ఇంధనం నింపుకుని బయలుదేరింది. మధ్యలో దారి మళ్లడాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని రోజులకు అదే విమానం మళ్లీ మన గగనతలంలోకి వచ్చినప్పుడు గానీ ముంబయిలో దింపలేకపోయాం. కాగితం మీద అనుమతి చూసి ఊరుకోకుండా, అనుమతించిన దారిలోనే వెళుతోందా అని చివరిదాకా చూసేవాడు ఉండాలి.

తెలుగు నేల మీద

ఈ సంగతులు ఢిల్లీకే పరిమితమనుకోనక్కర్లేదు. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే ప్రతిసారీ బంగాళాఖాతం మీద గగనతలం మూసేస్తూ ముందుగానే 'నోటమ్' అనే ప్రకటన వెలువడుతుంది. ఏ సమయంలో, ఎంత మేర, ఎంత ఎత్తు వరకు అన్నది అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. నిషేధం ఎలా ఉండాలో దానికి ఇదొక మంచి నమూనా. హైదరాబాద్‌లో దుండిగల్, హకీంపేట వైమానిక దళ కేంద్రాలు, బేగంపేటలో పౌర పైలట్ల శిక్షణ పక్కపక్కనే నడుస్తున్నాయి. సైనిక, పౌర కంట్రోలర్లు మాట్లాడుకుంటేనే అది సాధ్యం.

తిరుమలను నిషిద్ధ గగనతలంగా ప్రకటించాలని టీటీడీ చాలాకాలంగా కోరుతోంది. 2025 మార్చిలో కేంద్ర విమానయాన మంత్రికి మరోసారి లేఖ రాసింది. భక్తుల మనోభావం అర్థం చేసుకోదగ్గదే. అయితే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నిషిద్ధ ప్రాంతాన్ని సైనిక అవసరం లేదా ప్రజా భద్రత కారణంగానే, అవసరమైనంత మేరకే ప్రకటించాలి. రేణిగుంట విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది కాబట్టి రాకపోకల దారులు సర్దడం ఒక మార్గం. నిషిద్ధ ప్రాంతాల సంఖ్య పెరిగే కొద్దీ పైలట్లకు దారులు ఇరుకవుతాయి. దారి తప్పేవాళ్లు పెరుగుతారు. కాపలా ఉన్నవాడికి అనుమానితులు పెరుగుతారు.

చేయవలసినవి

మొదటిది, ప్రతి జనవరిలో, ఆగస్టులో వచ్చే తాత్కాలిక ఉత్తర్వులకు తోడు రాజధాని చుట్టూ చిన్న విమానాలకు వర్తించే శాశ్వత నియమావళి ఒకటి ఉండాలి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ ఎత్తులో, ఎవరిని అడగాలి అన్నది ఒక్క పటంలో కనబడాలి. 2021 డ్రోన్ నియమాలతో వచ్చిన డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలు చూసి కాలేజీ కుర్రాడు కూడా తన డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో తెలుసుకుంటున్నాడు. మైక్రోలైట్, పారామోటర్ నడిపేవారికీ అంత స్పష్టత దక్కాలి.

రెండోది, రాజధాని పరిసరాల్లో ఎగిరే ప్రతి చిన్న విమానానికీ తన ఉనికి తెలిపే పరికరం తప్పనిసరి చేయాలి. కొనే స్తోమత లేని క్లబ్బులకు ప్రభుత్వం సాయం చేయాలి. అడ్డగించడానికి ఒకసారి యుద్ధ విమానాన్ని లేపితే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

మూడోది శిక్షణ. సైనిక విమానం పక్కకు వచ్చి రెక్కలు ఊపితే 'నన్ను అనుసరించు' అని అర్థం. వెంటనే తానూ రెక్కలు ఊపి వెంట వెళ్లాలి. రేడియోలో 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర పౌనఃపున్యంలో మాట్లాడాలి. ఇది ప్రపంచమంతా ఒకటే సంకేతం. లైసెన్సు పరీక్ష అయ్యాక ఎంతమందికి గుర్తుంటుంది? ఏడాదికి ఒక గంట పాఠం, చిన్న పరీక్ష పెడితే చాలు.

నాలుగోది, కాపలా ఉన్నవారి వైపు. రాజధాని రక్షణకు మన సొంత క్షిపణి కవచం సిద్ధమవుతోంది. 2025 ఆగస్టులో ఒడిశా తీరంలో డీఆర్‌డీవో సమీకృత గగనతల రక్షణ వ్యవస్థను విజయవంతంగా పరీక్షించింది. సంతోషమే. కానీ నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వచ్చే చిన్న విమానం మీద క్షిపణి మొదటి జవాబు కాకూడదు. దాని పక్కకు వెళ్లి, పైలట్ ముఖం చూసి, చేతితో సంజ్ఞ చేయగల హెలికాప్టర్లు రాజధాని దగ్గర నిరంతరం సిద్ధంగా ఉండాలి. పోలీసులు, వైమానిక దళం, సైన్యం, పౌర కంట్రోలర్లు ఒకే తెర చూస్తూ తరచూ కలిసి సాధన చేయాలి. ఆదేశం ఎవరిది, ఆయన అందుబాటులో లేకపోతే ఎవరిది అన్నది ఫిరంగి దగ్గరున్న ఆఖరి మనిషికి కూడా సందేహం లేకుండా తెలియాలి.

మా మేనేజరు గారికి ఇంత వివరంగా చెప్పడానికి రెండు రోజుల నడక పట్టింది. అంతా విని ఆయన, "అయితే ఈ నిషేధాలన్నీ దొంగను పట్టడానికి కాదు, దొరను గుర్తుపట్టడానికన్నమాట" అన్నారు. నేను చెప్పలేకపోయింది ఆయన ఒక్క మాటలో తేల్చారు.

మంచులో దారి తప్పి మా ఫిరంగుల మధ్య దిగిన ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఏ పెద్ద విమానానికో కెప్టెన్ అయి ఉండొచ్చు. ఆ ఉదయం తనకూ మృత్యువుకూ మధ్య ఉన్నది ఒక హవల్దారు కంటిచూపు మాత్రమేనని అతనికి బహుశా ఈనాటికీ తెలియదు. రాజధాని భద్రతను అంత సన్నని దారం మీద వేలాడదీయకూడదు. ఏదో బల్ల మీద ఆగిపోయిన ఆ సమాచారం సమయానికి మా దాకా వచ్చి ఉంటే, ఆ హవల్దారు ఆ రోజు కడుపు నిండా తినేవాడు.

(రచయిత సైన్యంలో గగనతల రక్షణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి)